దూపకు వచ్చినోళ్లు

రెండు వేల ఆరు ఎండాకాలంలో మా ఊరికి పైలోకం నుంచి మనుషులు దిగారు. దిగింది కొత్తకోట నుంచే అనుకోండి, అదీ డొక్కు జీపులో. అయినా ఆ మాట మా ఊళ్లో ఇప్పటికీ ఎవరూ ఒప్పుకోరు. "పైలోకపోళ్లు వచ్చిన ఏడు పుట్టిండు వీడు" అని పిల్లల వయసు లెక్క చెప్పేవాళ్లు ఇంకా ఉన్నారు.

మాది ఇటిక్యాల మండలంలో ఒక చిన్న ఊరు. ఎటు చూసినా పెద్ద పెద్ద రాతి గుండ్లు, గుండ్ల నడుమ ఎర్రమట్టి చెలక చేలు. ఆ ఊరికి పెద్దకోడలిగా వచ్చి, అంగన్‌వాడీ టీచరుగా కుదురుకున్నాను. పేరు నాగేంద్రమ్మ. నాకు నోరు ఎక్కువని మా ఆయన దేవరాజు అంటాడు. ఆయనకు అసలు నోరే లేదు గనుక ఇద్దరం కలిపి ఒక్కటే వాడుకుంటున్నామని నేనంటాను.

ఆ రోజు అంగన్‌వాడీలో పిల్లలకు ఉడికించిన శనగలు పంచుతుంటే గుమ్మం ముందు మోటార్‌సైకిల్ ఆగింది. వచ్చింది ఉవైస్. కొత్తకోటలో పెళ్లిళ్లకు వీడియోలు తీస్తాడు. మా మరిది శ్రీశైలానికి బామ్మర్ది.

"అక్కా, మీ ఊరు జర నాకు ఇయ్యాలె," అన్నాడు లోపలికి రాకుండానే.

"ఊరంత పెద్ద పెండ్లి ఎవరిదిరా?"

"పెండ్లి కాదక్కా. సినిమా తీస్తున్న. పైలోకపోళ్లు భూమి మీదికి దండెత్తి వచ్చే సినిమా. ఎగిరే పళ్లెం దిగాలె, జనం ఉరకాలె, తుపాకులు పేలాలె. మీ గుండ్ల నడుమ పళ్లెం దిగిందనుకో, కొత్తకోటంత నోరు తెరుస్తది."

ఎండకు వడదెబ్బ గాని తగిలిందా అని వాడి మొహం చూశాను. బాగానే ఉన్నాడు. కూర్చోబెట్టి, దోసెడు శనగలు పెట్టి, మొదటి నుంచి చెప్పమన్నాను.

ఉవైస్ వాళ్ల నాన్న నిజాముద్దీన్ డేరా టాకీసులో ఆపరేటరు. ఊరూరా డేరా వేసుకుంటూ తిరిగేవాళ్లు. ఒకసారి డబ్బాలు తారుమారై తెలుగు సినిమాకు బదులు ఏదో పాత ఇంగ్లీషు సినిమా రీళ్లు వచ్చాయట. పళ్లెం లాంటి విమానం దిగడం, అందులోంచి పొడుగాటి మనుషులు రావడం, ఊరు ఊరంతా ఉరకడం. టికెట్లు తెగిపోయాయి, జనం కూర్చున్నారు. ఏం చేస్తాడు? ఒక చేయి మిషను మీద పెట్టి, ఇంకో చేత్తో మైకు పట్టుకుని కథ చెప్పాడు. ఆయనకు ఇంగ్లీషు ముక్క రాదు. తెర మీద పెదవులు కదిలినప్పుడల్లా తోచింది చెప్పాడు. అది కరువు ఏడు. అందుకని ఆయన కథలో పైలోకంలో వానల్లేవు, బావులు ఎండిపోయాయి, పాపం వాళ్లు దూపకు తాళలేక గుక్కెడు నీళ్లడగడానికి మన దగ్గరికి వచ్చారు. జనానికి అది ఎంత నచ్చిందంటే డబ్బాలు వెనక్కి పంపకుండా చాలా ఊళ్లు తిప్పారు. చూసిన వాళ్లందరికీ అదే కథ.

"నిరుడు అబ్బా పోయినంక బెంగుళూరుల ఆ సినిమా సీడీ దొరికిందక్కా. కింద అక్షరాలొస్తయి గదా, కూడబలుక్కోని చదివిన. నీళ్ల ముచ్చటనే లేదు! వాళ్లొచ్చింది భూమిని గుంజుకోనీకె. అబ్బా మొత్తం సొంతంగ అల్లిండు." నవ్వుతూ మొదలుపెట్టాడు గాని చివరికొచ్చేసరికి భుజానికి కళ్లు తుడుచుకున్నాడు. "అందుకే నేను అసలు కథ తీస్త. అబ్బా పేరు మీద తీస్త."

"తీయి మరి. వేషాలెవరెవరు?"

వాడు రెండు శనగలు నోట్లో వేసుకుని, నావైపు చూడకుండా, "పైలోకపోడు మా బావ," అన్నాడు.

నా చేతిలో గరిటె ఆగిపోయింది. బావ అంటే శ్రీశైలం. నేను కాపురానికి వచ్చేనాటికి బడికి పోయే పిల్లాడు, నా చేతి ముద్దలు తిని పెరిగాడు. కొత్తకోటలో లారీల షెడ్డులో మెకానిక్కుగా కుదిరాక ఉవైస్ వాళ్లక్క కౌసర్ మీద మనసుపడి పెళ్లి చేసుకున్నాడు. వాళ్లింట్లో నిజాముద్దీన్ కొన్నాళ్లు అలిగాడు. తర్వాత ఒక రంజాన్‌కు కూతుర్నీ అల్లుణ్నీ పిలిచి షీర్‌ఖుర్మా తాగించి, అలక దులిపేసుకున్నాడు. మా ఇంట్లో అంత తేలిగ్గా పోలేదు. మా అత్త హన్మమ్మ వాకిట్లో నిలబడి ఊరంతా వినేటట్టు జమ్ములమ్మ మీద ఒట్టేసింది. "శ్రీశైలానికి నా చేతి నీళ్లు ముట్టవు. ఇచ్చిననంటే ఆ తల్లి నా కండ్లు తీస్కపోని." జమ్ములమ్మ మీద ఒట్టంటే మా వైపు ఆషామాషీ కాదు. ఆ రోజు పోయినవాడు మళ్లీ పొలిమేర తొక్కలేదు.

"షెడ్డు సేటు హోసూరుల కొత్త షెడ్డు పెడ్తుండక్కా," అన్నాడు ఉవైస్ మెల్లగా. "మిరుగు కార్తె లోపల అక్కనూ పిల్లనూ తీస్కోని బావ గాడికే పోతడు. అంత దూరం పోయినోళ్లు మల్ల వస్తరా? పోయేలోపల ఒక్కపారి ఊరు చూడాలని ఉంది ఆయనకు. మొకం కనబడనియ్య. నల్ల అద్దం టోపీ ఉంటది."

మా అత్తకు తెలిస్తే ఊరి ముందు వాణ్ని దుమ్మెత్తిపోస్తుంది. అట్లా ఒకసారి జరిగితే హోసూరు కాదు, పక్క వీధిలో ఉన్నా మళ్లీ రాడు. ఆ భయం ఒక పక్క. వాడు ఎంత చిక్కాడో, ఎట్లున్నాడో చూడాలనే ఆత్రం ఇంకో పక్క. ఆత్రమే గెలిచింది. సర్పంచుతో నేను మాట్లాడతానని చెప్పాను.

*

మా అత్త వంచితే వంగే మనిషి కాదు. ఆమె ఏలుబడిలో మా ఇంట్లో గ్లాసులకు కూడా కులముండేది. మేం తాగే స్టీలు గ్లాసులు వంటింటి చెక్క మీద. కూలికి వచ్చేవాళ్లకు చూరు కింద బోర్లించిన సత్తు గ్లాసు. ఎవరో ఏమిటో తెలియని బాటసారి వస్తే ఏ గ్లాసూ లేదు, దోసిలి పట్టాలి, పైనుంచి చెంబుతో పోసేది. అందరి పిల్లలకూ ఒక్క గ్లాసుతో నీళ్లు తాగించే నాకు అది చూస్తే ఒళ్లు మండేది. కొత్తలో అన్నాను. "ఇల్లు నాది, గ్లాసులు నావి, నోరు మాత్రం నీది," అంది. కానీ దూప అని వాకిట్లోకి వచ్చిన వాణ్ని మా అత్త ఏనాడూ ఉత్తగా పంపలేదు. ఎంత పనిలో ఉన్నా లేచి చెంబు ముంచేది. అది చెప్పకపోతే ఆమెకు అన్యాయం చేసినదాన్నవుతాను.

సినిమా సంగతి చెబితే కసురుకుంటుందనుకున్నాను. చాటలో బియ్యం చెరుగుతున్నదల్లా చెయ్యి ఆపింది.

"పైలోకపోళ్లదా? నేను జూసిన. డేరాల జూసిన. శ్రీశైలం సంకల..." అని టక్కున ఆగింది. కొడుకు పేరు నోరు జారినందుకు తనమీద తనకే కోపం వచ్చినట్టుంది, చాట రెండుసార్లు గట్టిగా విసిరింది. "పాపం, దూపకు వచ్చిండ్రు. అంత దూరం నుంచి. ఆ మైకాయన చెప్తుంటే డేరా అంత ఏడ్సింది."

"ఆ కథ తప్పంట అత్తా. వాళ్లు మన భూములు గుంజుకోనీకె వచ్చిండ్రంట."

"ఎవలన్నరు?"

"ఇంగ్లీషుల గట్లనే ఉన్నదంట."

"ఇంగ్లీషోళ్లకేం తెల్సే దూప గురించి?" అంది మా అత్త.

ఆ రోజు నుంచి ఆమెకు అదే లోకం. పైలోకంలో జొన్నలు పండుతాయా? అక్కడ కూలి రేటుందా? ఆడవాళ్లు కూడా ఇంత పొడుగుంటే ఇళ్ల గుమ్మాలు ఎంతెత్తు కట్టుకుంటారు? నేను తోచినట్టు చెబుతూ పోయాను, నిజాముద్దీన్ మాదిరిగానే. ఒక సాయంత్రం ఉవైస్ వచ్చి ఆమెకు వేషం ఇస్తానన్నాడు.

"అవ్వా, పైలోకపోడు నీ వాకిట్లకొస్తడు. నువ్వు చూసి, భయపడి, ధన్న తలుపెయ్యాలె. గంతే."

"మాటలు లేవా?"

"లేవవ్వా."

"తలుపెయ్యనీకె నేనెందుకురా, గాలి కొడ్తే అదే పడ్తది." అన్నదే గాని, వాడు వెళ్లగానే పెట్టె తెరిచి గద్వాల చీర ఎండకు వేసింది. ఆ వీడియో కుర్రాడు ఎవరని మాత్రం అడగలేదు. పైలోకపు గుమ్మాల ఎత్తు దాకా అడిగిన మనిషి అదొక్కటే ఎందుకు అడగలేదో నాకు అప్పుడు తట్టలేదు.

*

ఎగిరే పళ్లెం జీపు మీద వచ్చింది. పెళ్లిళ్లలో వంటవాళ్లు వాడే పెద్ద గంగాళాలు రెండు, మూతికి మూతి కలిపి కట్టేశారు. చుట్టూ లారీ ఇండికేటర్లు, లోపల లారీ బ్యాటరీ. ఎరుపూ పసుపూ లైట్లు ఆరుతూ వెలుగుతూ ఉంటే, ఊరి చివర గుండ్ల మీద పెట్టిన ఆ పళ్లెం చూసి నాకే ఒంటి మీద వెంట్రుకలు లేచాయి. అది శ్రీశైలం పనితనం. అట్లా బిగించేవాడు ఇంకొకడు లేడు.

జీపు వెనక నుంచి వాడు దిగాడు. ఒళ్లంతా పెళ్లి పందిళ్లకు కట్టే వెండి కాగితం. తలకు నల్ల అద్దం హెల్మెట్, దానికి రెండు కొమ్ముల్లాగా యాంటెన్నాలు. చేతులకు బ్యాటరీ ఆసిడ్ పోసేటప్పుడు తొడిగే రబ్బరు గ్లౌజులు. నా ముందుకొచ్చి నిలబడ్డాడు.

"వదినె, మంచిగున్నవా?" అంది హెల్మెట్.

ఏడుపు ఆపుకోవడానికి తిట్టాను. "కొమ్ములొచ్చినయి గాని బుద్ధి రాలే. సప్పుడు జేయకు."

అసలు కష్టం ఉవైస్‌కు జనంతో వచ్చింది. వాడు ఇంతకాలం తీసిందంతా పెళ్లిళ్లు. మా ఊరివాళ్లు ఇంతకాలం కెమెరా చూసిందీ పెళ్లిళ్లలోనే. కెమెరా తమవైపు తిరిగిందంటే ఏం చేయాలో వాళ్లకు బాగా తెలుసు. "ఉరకండి! పైలోకపోడొచ్చిండు, ఉరకండి!" అని ఉవైస్ గొంతు చించుకుంటుంటే ఒక్కరూ కదల్లేదు. మగవాళ్లు చేతులు కట్టుకుని నిటారుగా నిలబడ్డారు. ఆడవాళ్లు కొంగు సర్దుకుని నవ్వారు. ఈరన్న తాత దువ్వెన తీసి తల దువ్వుకున్నాడు. వెండి మనిషి చేతులు చాచి మీదికి వస్తుంటే యేసయ్య వెళ్లి భుజం మీద చెయ్యేసి, పెళ్లికొడుకు పక్కన నిలబడ్డట్టు నిలబడి, "ఇగ తీయి," అన్నాడు.

ఉవైస్ నేల మీద కూలబడ్డాడు. "గిట్లయితే లోకం ఎట్ల మునుగుతదక్కా?"

"ముందు అవ్వది తీయి," అన్నాను. పొద్దు వంగుతోంది. అయ్యేదేదో అయిపోతే బాగుండుననిపించింది.

మా వాకిలి ముందు కెమెరా పెట్టారు. మా ఆయన గడ్డివాము వెనక దాక్కున్నాడు, అమ్మ ఎక్కడ అరుస్తుందోనని. మా అత్త గద్వాల చీరలో గుమ్మం మీద కూర్చుంది. వెండి మనిషి గల్లీ మలుపు తిరిగి మెల్లగా వచ్చాడు. తను పుట్టిన ఇంటి వాకిట్లోకి వచ్చేసరికి వాడి అడుగులు తడబడ్డాయి. ఉవైస్ "అవ్వా, తలుపు!" అని సైగ చేశాడు.

మా అత్త లేచింది. తలుపు రెక్క మీద చెయ్యేసింది. వాణ్ని కింది నుంచి పైదాకా చూసింది. ఎండలో ఆ కాగితాల మూటలో వాడు కాస్త తూలుతున్నాడు.

"ఎంత దూరం నుంచొస్తున్నవ్ బిడ్డా?" అంది.

ఉవైస్ నావైపు చూశాడు. మాటలు లేవన్నాడు కదా. నేను పెదవుల మీద వేలు పెట్టాను. కెమెరా ఆపొద్దన్నాను.

"ఏ కులమోళ్లు మీరు?"

హెల్మెట్ మీది యాంటెన్నాలు మాత్రం ఊగాయి.

"కులం జెప్పనీకె నోరు రాదా. సరే. దూపయితుందా?"

హెల్మెట్ కొంచెం కిందికి వంగింది. మా అత్త లోపలికి వెళ్లి చెంబుతో వచ్చింది. "దోసిలి పట్టు."

వాడు వంగి దోసిలి పట్టాడు. రబ్బరు గ్లౌజుల్లో నీళ్లు నిలవలేదు, మోచేతుల మీదుగా కారిపోయాయి. "గా తొడుగులు తీసి పట్టు," అంది విసుగ్గా. వాడు నావైపు తిరిగాడు. నల్ల అద్దం వెనక ఏముందో కనపడలేదు. తర్వాత ఒక్కో గ్లౌజూ తీసి చంకలో పెట్టుకుని, ఒట్టి చేతులు చాచాడు.

ఎడమచేతి చూపుడు వేలు కొన లేదు వాడికి. చిన్నప్పుడు గడ్డి కోస్తుంటే కొడవలికి తెగింది. తల్లే పసుపు అద్ది, చీర చెంగు చించి కట్టిందట.

మా అత్త ఆ చేతుల వైపు చూస్తూ ఉండిపోయింది. చెంబు వంపలేదు. వాకిట్లో చేరిన జనం కూడా ఆ చేతులనే చూశారు. మా ఊళ్లో ఆ వేలు తెలియని వాళ్లెవరు? ఇప్పుడు నోరు తెరుస్తుంది, ఇప్పుడు చెంబు విసిరేస్తుంది అని నేను కొంగు గట్టిగా పట్టుకున్నాను.

చెంబు వంగింది. వాడు హెల్మెట్ అద్దం నోటి మేరకు ఎత్తి తాగాడు. ఆమె పోస్తూనే ఉంది. చెంబు అయిపోతే లోపలికి వెళ్లి ఇంకొకటి ముంచుకొచ్చి పోసింది. "ఇంకింత తాగు," అంది. తర్వాత కెమెరా వైపు తిరిగి, "అయిపోయిందా? తలుపెయ్యాల్నా ఇప్పుడు?" అని ఉవైస్‌ను అడిగింది. వాడు తల అడ్డంగా ఊపాడు.

రాత్రి అన్నాలప్పుడు ఉండబట్టలేక కదిపాను. "తలుపెయ్యమంటే నీళ్లెందుకు పోస్తివత్తా?"

"దూపతోటి వచ్చినోని మొకం మీద తలుపేస్తరా?"

"మొకమే కనబడలే గదా."

"కనబడకుంటేనే మంచిదాయె," అంది, కంచంలో ముద్ద కలుపుకుంటూ.

*

ఇంకో వారం షూటింగ్ సాగింది. నిజం చెప్పాలంటే తీయాల్సింది అంత లేదు. మా అత్తే సాగదీసింది. పొద్దున్నే పైలోకపోడు వచ్చాడా అని అడిగేది. వస్తే వేపచెట్టు కింద మంచం వాల్చి కూర్చోబెట్టేది. ఒక చేయి దూరంలో పీట వేసుకుని తను కూర్చునేది. వాడు ఎన్ని చెమటలు పట్టినా హెల్మెట్ తీయలేదు. ఆమె తీయమనలేదు.

"మీ లోకంల పెండ్లిళ్లయితయా?"

"అయితయి."

"నీకయిందా?"

"అయింది."

"ఆమె మంచిదేనా? నీకు వేళకు ఇంత పెడ్తదా?"

"పెడ్తది. నేనే సరిగ తినను. పనిల పడి."

"గది నాకు తెల్సు... గది ఏ లోకంల అయినా మగోళ్లంత గంతే," అని మాట మార్చింది. నేను పక్కనే ఉల్లిగడ్డలు తరుగుతూ ఉన్నాను. కళ్లు తుడుచుకోవడానికి ఆ ఉల్లిగడ్డలు బాగా అక్కరకొచ్చాయి. "పిల్లలా?"

"ఒక బిడ్డ. నడుస్తది ఇప్పుడిప్పుడే."

"పేరేంది?"

"మా లోకంల పేర్లు వేరే తీరుగుంటయి."

"ఉండనీ. జెప్పు."

"షబానా."

"సబానా." ఆమె నోట్లో ఆ పేరును అటూ ఇటూ తిప్పి చూసింది. "సబానా. మంచిగనే ఉంది. ఎవలి పోలిక?"

"అందరు వాళ్ల నాయినమ్మ పోలికంటరు."

మా అత్త పీట మీద నుంచి లేచి, కోళ్లను అదిలించే నెపంతో గోడ దాకా వెళ్లి వచ్చింది. ఆ కోళ్లు అప్పుడు గంప కింద ఉన్నాయి.

ఊరంతా ఈ ఆటలో కలిసింది. అదే నాకు వింత. రచ్చబండ మీద కూర్చుని పక్కింటి పొయ్యిలో ఏం ఉడుకుతుందో చెప్పే జనం, ఒక్కరు కూడా "ఏం శ్రీశైలం" అనలేదు. "ఏం పైలోకపోడా, ఎండ ఎట్లుంది మీ దిక్కు?" అని పలకరించేవారు. మా ఆయన గడ్డివాము వెనక నుంచి బయటికొచ్చి తమ్ముడికి బీడీ ఇచ్చాడు. "పైలోకంల బీడీ కాలుస్తరో లేదో," అన్నాడు. పెళ్లయ్యాక ఆయన వేసిన మొదటి జోకు అది.

*

సినిమా ఆడేనాటికి ఎండలు ముదిరిపోయాయి. బడి గోడకు తెల్ల దుప్పటి కట్టాం. ఉవైస్ కర్నూలు నుంచి ప్రొజెక్టరు తెచ్చాడు. తెచ్చాక నా చెవిలో చెప్పాడు: "అక్కా, బొమ్మ మంచిగొచ్చింది, మాటలే రాలే. మొత్తం గాలి సప్పుడు. ఎవరన్న మైకుల కథ చెప్పాలె. మా ఇంట్ల అబ్బా తీరుగ చెప్పేది ఒక్కరే ఉన్నరు. జీపుల కూసున్నది."

చీకటి పడుతుండగా కౌసర్ జీపు దిగింది. నేను ఆమెను చూడడం అదే మొదలు. సన్నగా, తలమీద కొంగుతో, చంకలో నిద్రపోతున్న పిల్లతో. పిల్లను నా చేతికిచ్చి, "సలాం వదినె," అని మైకు అందుకుంది. పక్కన శ్రీశైలం వెండి కాగితంలో నిలబడ్డాడు. మా అత్త అప్పటికే ముందు వరసలో చాప మీద కూర్చుని ఉంది. ఈ లెక్క నేను వేసుకోలేదు. వెండి మనిషికి పోసిన నీళ్లు వేరు, ఈ పిల్ల వేరు. ఇన్నాళ్ల ఆట ఇక్కడితో తెగిపోతుందని భయమేసింది.

బొమ్మ మొదలైంది. పళ్లెం దిగుతుంటే తెర మీద గులాబీలు రాలాయి. ఉవైస్ మిషనులో ఉన్న తళుకులన్నీ పెళ్లిళ్లవే మరి. పైలోకపోడి మొహం హృదయం గుర్తులో గిర్రున తిరుగుతూ వచ్చింది. జనం ఈలలు వేశారు. అప్పుడు కౌసర్ గొంతు లేచింది.

"ఎక్కడో దూరాన, మబ్బులకవతల ఒక లోకం. ఆ లోకంల వానలు ఎగ్గొట్టినయి. బావులెండినయి. తల్లులు కుండలు బోర్లిచ్చిండ్రు..."

తమ్ముడు తీయాలనుకున్న అసలు కథ కాదు అది, తండ్రి కథ. ఉవైస్ ప్రొజెక్టరు పక్కన తల వంచుకుని నిలబడ్డాడు. తెర మీద మా ఊరివాళ్లు నిటారుగా నిలబడి నవ్వుతుంటే ఆమె, "భూమి మీద మనుషులు భయపడలే. వచ్చినోళ్లను చూసి నవ్విండ్రు," అంది. ఆ మాటతో తప్పు తీసిందంతా ఒప్పయిపోయింది. నీళ్లు పోసే చోటుకు వచ్చేసరికి మైకు దించి ఊరుకుంది. తెర మీద మా అత్త చెంబు వంచుతుంటే, గాలి చప్పుడు తప్ప ఏమీ వినపడలేదు.

బొమ్మ అయిపోయింది. చప్పట్ల నడుమ మా అత్త గట్టిగా అడిగింది. "మైకుల జెప్పిందెవలు?"

ఊరంతటి నోరూ నా దగ్గరే ఉంటుంది కదా, అందరూ నావైపే చూశారు. "డేరాల మైకాయన ఉండె గదత్తా," అన్నాను. "ఆయన బిడ్డ."

మా అత్త కౌసర్‌ను చూసింది. నా చంకలో పిల్లను చూసింది. లేచి, చాప దులుపుకుని, ఇంటివైపు నడిచింది. శ్రీశైలం జీపు ఎక్కబోయాడు. "నువ్వు ఆగు," అన్నాను వాడితో, ఎందుకు ఆగమన్నానో తెలియకుండానే.

ఆమె తిరిగి వస్తుంటే జనం దారి ఇచ్చారు. ఒక చేతిలో చెంబు. తిన్నగా కౌసర్ ముందుకు వచ్చి నిలబడింది.

"ఇంతసేపు చెప్పితివి. గొంతెండి ఉంటది."

కౌసర్‌కు మా ఇంటి పద్ధతి శ్రీశైలం చెప్పే ఉంటాడు. వంగి దోసిలి పట్టింది.

"చేతులు దించు," అంది మా అత్త.

కొంగు చాటున ఉన్న రెండో చేయి బయటికి తీసింది. అందులో స్టీలు గ్లాసు. చూరు కిందిది కాదు, లోపలిది, మేం తాగేది. నిండా పోసి కౌసర్ చేతిలో పెట్టింది. తాగేదాకా నిలబడి, ఖాళీ గ్లాసు తీసుకుని, మళ్లీ నింపింది. అప్పుడు వెండి మనిషి వైపు తిరిగింది.

"నువ్వు గా టోపీ ఇప్పుడే తీయకు. ఇంట్లకొచ్చినంక తీద్దువు. ఒట్టు శ్రీశైలానికి, పైలోకపోనికి కాదు. జమ్ములమ్మకు నేను జెప్పుకుంట." నా చంకలోంచి పిల్లను లాక్కుని, "సబానా, లే బిడ్డా, మనింటికి పోదాం," అంటూ ముందు నడిచింది.

హోసూరు ప్రయాణం ఆగలేదు. మిరుగుకు ముందే పోయారు, కానీ మా ఇంట్లోంచి, మా అత్త కట్టిచ్చిన జొన్నరొట్టెలతో పోయారు. ఏటా ఎండాకాలం వచ్చేవారు. మా అత్త మాట తప్పలేదు. ఉన్నన్నాళ్లూ కొడుకును పేరు పెట్టి పిలవలేదు. "పైలోకపోడా, నీళ్లు తాగు," అనేది. చూరు కింది సత్తు గ్లాసు తీయించడానికి మాత్రం నేను ఇంకో రెండేళ్లు ఆమెతో పోట్లాడాల్సి వచ్చింది.

ఆ సినిమా ఆడిన మర్నాడు పొద్దున అందరికంటే ముందు లేచాను. కౌసర్ తాగిన గ్లాసు ఎక్కడ పెట్టిందా అని చూరు కింద చూశాను, గోడ వారన చూశాను, లేదు. వంటింట్లోకి వెళ్లాను. చెక్క మీద స్టీలు గ్లాసులన్నీ కడిగి వరసగా బోర్లించి ఉన్నాయి. ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశాను. ఎంత చూసినా కౌసర్ తాగిన గ్లాసు ఏదో నాకు తెలియలేదు.